సగం హంస

సమ్మమ్మ ఏడవడం లేదు. మొగుడు పోయి రెండు రోజులైంది. కొత్తవాడలోని ఆ ఇంటి ముందుగదిలో చుట్టాలంతా గొంతులు చించుకుంటుంటే, ఆవిడ మాత్రం మగ్గం గదిలోకి వచ్చి తలుపు దగ్గరకేసుకుని, నేల మీద కూర్చుని పళ్లు నూరుతోంది.

"నా మొగన్ని చంపినోడు దర్జాగ తిరుగుతాండు చెల్లె. ఏ పాపం ఎరుగని కట్టయ్యను పట్టుకపోయి ఠాణాల కూసోబెట్టిండ్లు. ఇదేం నాయం? జర నువ్వే చెప్పు."

అనసూయ ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చుంది. హనుమకొండలో ఓ మేడ మీద డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుని ఆరేళ్లయింది. అంతకుముందు పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, పైవాళ్లు చెప్పిన అబద్ధానికి సంతకం పెట్టనని రాజీనామా మొహాన కొట్టి వచ్చిన మనిషి. ఎన్నో కేసులు చూసింది గానీ, చనిపోయినవాడి పెళ్లామే పిలిపించి, నిందితుణ్ని విడిపించమని బతిమాలడం ఇదే మొదలు.

జరిగింది ఇదీ. కొంగలగుట్ట మీద కాకతీయుల నాటి పాత కోట ఒకటి శిథిలమై ఉంది. దాని నగారా బురుజు కింద మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటంబావుకు జంపఖానాలు నేసే వెంకటరాజం శవం దొరికింది. చూసినవాడు కోట కావలిమనిషి కట్టయ్య. పోలీసులకు ఫోన్ చేసిందీ అతనే. ఫోన్ చేసిన పాపానికి సాయంత్రం నాలుగింటికల్లా అతన్నే జీపెక్కించారు. ఇప్పుడు గురువారం పొద్దున్న ఎనిమిదైంది. అరెస్టు చూపించలేదు, మేజిస్ట్రేటు ముందు పెట్టలేదు, ఇంటి మనిషిని కలవనివ్వలేదు. అరవై రెండేళ్ల ముసలివాణ్ని నలభై గంటలుగా బెంచీ మీద కూర్చోబెట్టి అడిగిందే అడుగుతున్నారు. తలచుకున్నకొద్దీ అనసూయకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

"కట్టయ్యకు, మీ ఆయనకు అంతకుముందు మంగళవారం కొట్లాటయిందట గదా అక్కా? పోలీసులు దాన్నే పట్టుకున్నరు."

"కొట్లాటనా! ఒక్క బీడీ ఇద్దరు చెరిసగం తాగేటోళ్లు. కోటల చెక్కుడు బండలు మాయమైతున్నయని మా ఆయన కనిపెట్టిండు. దరఖాస్తు పెడుదాం పా అన్నడు. నా కొలువు పోతది వద్దని కట్టయ్య మొత్తుకున్నడు. గంతే లొల్లి."

"ఆయన గుట్టకు ఏ టైముకు పోయేది?"

"ప్రతి మంగళవారం, మొదటి బస్సుకే. ఏడుంబావుకు గుట్ట కింద దిగేది. మల్ల పది గంటల బస్సుకు తిరిగొచ్చేది."

"ఎప్పుడన్నా పదకొండు, పన్నెండు దాకా ఉన్నడా?"

"ఉండి ఏం చెయ్యను? ఎండ ఏటవాలుగ పడ్డప్పుడే బండ మీద చెక్కుడు లేస్తదట. పొద్దెక్కినంక గీతలు మాసిపోయి ఏం కండ్లవడదని చెప్పేటోడు."

ఆవిడ లేచి, మగ్గం పక్కనున్న రేకుపెట్టె తెరిచి ఏడు పుస్తకాలు తీసి ముందు పెట్టింది. పిల్లలు లెక్కలు చేసుకునే గళ్ల కాగితాల మీద గుట్ట దగ్గర విడివిడిగా గీసుకొచ్చి, ఇంట్లో కుట్టిన పుస్తకాలు. అనసూయ ఒకటి తెరిచింది. హంసలు, ఏనుగులు, తామరకాడలు, ఎన్నడో ఎవరో రాతి మీద చెక్కినవన్నీ చిన్న చిన్న గళ్లలోకి దిగి ఉన్నాయి. ప్రతి కాగితం అడుగున తేదీ, టైము. 'నగారా బురుజు, రెండో బండ, 7.50.' అలా ఇరవై ఎనిమిదేళ్ల పని ఆ పుస్తకాల్లో ఉంది.

కానీ ప్రతి బొమ్మా సగమే ఉంది. హంస ఉంటే ఒకటే హంస, దాని ముందు తామరకాడ నిలువునా సగానికి తెగి ఆగిపోయింది.

"మిగతా సగాలు ఎవరు చింపిండ్లు?" అనుమానంగా అడిగింది అనసూయ.

సమ్మమ్మ చిరాకు పడింది. "చింపుడేంది చెల్లె! మేం సగమే గీసుకుంటం. మగ్గం మీద కూసున్నంక ఎడమ దిక్కు పోగు ఎట్ల పోయిందో కుడి దిక్కు అట్లనే మర్రిపోతది. రెండో సగం చేతికే ఎరుకైతది. నిండుబొమ్మ గీసుడు పనిలేనోడి పని. మా ఆయన పుట్టి బుద్ధెరిగి నిండు హంసను గీయలే."

అనసూయ పుస్తకాల్లో ఆఖరిదాన్ని సంచిలో వేసుకుని లేచింది.

తొమ్మింబావుకు ఆమె గోపాల్ సేటు దుకాణంలో ఉంది. వెంకటరాజం నేసిన సరుకు ఇరవై రెండేళ్లుగా కొంటున్న వ్యాపారి ఆయన. మంగళవారం సాయంత్రం గుట్ట దగ్గర శవాన్ని గుర్తుపట్టి పంచనామా మీద సంతకం చేసిందీ ఆయనే. యాభై ఏళ్లుంటాయి. నుదుట కుంకుమ, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, మెత్తటి గొంతు.

"కూసోండ్రి మేడం. ఛాయ్ చెప్పనా?"

"వద్దు సేటు. మంగళవారం మీరెక్కడున్నరు?"

"కేసముద్రం మార్కెట్ యార్డుల. పది నుంచి రెండింటిదాక ఆన్నే ఉన్న. వందమంది చూసిండ్లు. పదకొండున్నరకు ఆడ నేను పత్తి చూసుకుంట నవ్వుకుంట నిలవడ్డ మేడం, ఈడ మా వెంకటరాజం పానం పోతాంది."

"పదకొండున్నరని మీకెవరు చెప్పారు?"

"సీఐ సారే. పంచనామ రాసేటప్పుడు రుజువు దొరికిందన్నడు."

"పదింటికి ముందు?"

"ఇంట్లనే. పూజ చేసుకొని బయలెల్లిన."

"వెంకటరాజం ఇంటికి వస్తూ పోతూ ఉండేవారా? మగ్గం చూశారా?"

"అరుగు దాక పోత మేడం. సరుకు ఆన్నే విప్పి చూసుకుంట. లోపట మనకేం పని?" అన్నాడు సేటు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "కట్టయ్యను చూస్తే పాపమనిపిస్తది. వదులుతరంటరా?" అన్నాడు.

"వదలక ఎట్ల పోతరు? ఇవాళ మధ్యాహ్నంలోపు బయటికి తెస్త. లేకుంటే హైకోర్టుకెక్కుత. ఒక్కొక్కని టోపీ ఊడబీకిస్త!"

కోపం వస్తే అనసూయ నోటికి తలుపుండదు. అది ఆమెకూ తెలుసు.

"తేవాలె మేడం, తేవాలె," అంటూ సేటు రెండు చేతులూ జోడించాడు.

పదీ నలభై అయిదుకు ఆమె స్కూటర్ కొంగలగుట్ట కింద ఆగింది. సీఐ రమాకాంత్ అప్పటికే జీపు నీడన నిలబడి మజ్జిగ తాగుతున్నాడు. ఒకప్పుడు అనసూయ దగ్గరే, ఆమె బల్ల పక్కనే నిలబడి, గాజు గ్లాసు మీద వేలిముద్ర ఎత్తడం నేర్చుకున్నవాడు. అప్పట్లో నోరారా అక్కా అనేవాడు. ఇప్పుడు మూడు నక్షత్రాలు భుజానికెక్కాక ఆ పిలుపు ఎటో పోయింది.

"రండి డిటెక్టివ్ మేడం! పెండ్లి సంబంధాల ఎంక్వయిరీలు అయిపోయినయా?"

"నలభై మూడు గంటలు, రమాకాంత్."

"ఏంది?"

"కట్టయ్యను మీరు ఎత్తుకపోయి నలభై మూడు గంటలు. ఇరవై నాలుగు దాటితే ఏం చెయ్యాలో నీకు తెలవదా? లేక ముసలోడు, బీదోడు, అడిగే దిక్కు లేదనుకున్నవా? వకీలు దగ్గర పిటిషన్ టైపై ఉంది. నేను ఒక్క ఫోన్ కొడితే పన్నెండింటికల్లా హైకోర్టులో పడతది. అప్పుడు నీ స్టేషన్ కెమెరాలు నువ్వే పట్టుకొచ్చి చూపిద్దువు గాని!"

రమాకాంత్ మొహం కందగడ్డయింది. పక్కనున్న ఇద్దరు కానిస్టేబుళ్లు గుట్టవైపు చూస్తూ వినపడనట్టు నటించారు.

"మేడం, మంచిగ మాట్లాడుండ్రి. అతనే చంపిండు. మా దగ్గర ఎవిడెన్స్ ఉంది."

"ఉంటే అరెస్టు చూపెట్టు. లేకుంటే వదులు. నడుమల దాచిపెట్టుడేంది?"

అతను మజ్జిగ గ్లాసు జీపు బానెట్ మీద ఠప్పున పెట్టి ఫోన్ తీశాడు. "పోశయ్యా! ఆ కట్టయ్యకు నోటీసు ఇచ్చి పంపియ్. తెలిసినోళ్లు ఎవరన్న వచ్చి సంతకం పెడితే అప్పజెప్పు. రేపు పొద్దుగాల మల్ల రావాలె." ఫోన్ జేబులో పెట్టి ఆమె వైపు తిరిగాడు. "కడుపు నిండిందా? రేపు రుజువులతోటి అరెస్టు చేస్త. అప్పుడు ఏ కోర్టుకెక్కుతరో ఎక్కండ్రి."

అనసూయకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కట్టయ్య కూతురు రమకు ఫోన్ చేసింది. రమ తెల్లవారగానే డోర్నకల్‌లో బయల్దేరి, ఇంకా బస్సులోనే ఉంది. "ఇంకో గంటల స్టేషన్‌కు చేరుకుంట అక్కా," అంది ఆ పిల్ల. అనసూయ ఫోన్ పెట్టేసి, గెలిచినదానిలా ముందు నడిచి మెట్లెక్కింది.

మొదటి దర్వాజా దగ్గరే ఆ ఉత్సాహం సగం చచ్చింది. ఏడువందల ఏళ్ల నాటి గోడ మీద ఎవడో ఎర్ర పెయింటుతో తన పేరూ, తను వలచినదాని పేరూ గజం ఎత్తున రాసుకున్నాడు. ఇంకో మూల బీరు సీసాలు. రక్షిత కట్టడం అని రాసిన బోర్డు తుప్పు పట్టి నేలకొరిగింది. ఇంత గుట్టకు, ఇంత కోటకు ప్రభుత్వం పెట్టిన కాపలా ఒక్క కట్టయ్య. ఆ ఒక్కణ్నీ తీసుకుపోయి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఎవరి మీద అరవాలో తెలియక అనసూయ ఆ బీరు సీసాల్ని కాలితో పక్కకు నెట్టి ముందుకు కదిలింది.

"కేసు చెప్పు," అంది రెండో దర్వాజా దాటుతూ.

రమాకాంత్ ఆయాసపడుతూనే ఏకరువు పెట్టాడు. "చచ్చిపోయింది ఏడు నుంచి పన్నెండు నడుమ అని డాక్టర్ చెప్పిండు. కట్టయ్య పొద్దున ఆరున్నర బస్సుకు మండల దవాఖానకు పోయిండు. చీటీ మీద టైముంది, పదిన్నరకు గోలీలు తీసుకున్నడు. పదకొండుకు గుట్ట కింద బస్సు దిగిండు. డ్రైవర్ సాక్ష్యం."

"అంటే పదకొండుకు ముందు చనిపోతే కట్టయ్యకు సంబంధమే లేదు."

"లేదు. కని వెంకటరాజం పదకొండున్నరకు బతికే ఉన్నడు. ఈ బురుజు మీదనే కూసొని బొమ్మ గీసిండు. అప్పుడు గుట్ట మీద కట్టయ్య తప్ప పురుగు లేదు. కొట్లాటైంది, నూకేసిండు."

"ఏం చూసి చెప్తున్నవు, పదకొండున్నర అని?"

"పైకి రాండ్రి, చూపెడ్త."

నగారా బురుజు పైకి చేరేసరికి పదకొండూ ఇరవై రెండు. నలుచదరంగా పెద్ద బండలు పరిచిన చోటు, మూడు పక్కలా నడుమెత్తు పిట్టగోడ. నాలుగో పక్క గోడ కూలిపోయింది. అక్కణ్నుంచి కిందకు నలభై అడుగులు. ఏప్రిల్ ఎండ నడినెత్తి మీదకు వచ్చింది, గాలి లేదు.

అనసూయ ముందు నేలనే చూసింది. వెంకటరాజం పుస్తకంలో నగారా బురుజు బండలు తొమ్మిది. ఇప్పుడు ఐదే ఉన్నాయి. నాలుగు చోట్ల గుంతలు. మూడింటిలో గడ్డి మొలిచి ఎండింది. నాలుగోదాని అంచులకు గడ్డపార దెబ్బలు తెల్లగా ఉన్నాయి, లోపల తెగిన వేర్లు ఇంకా పూర్తిగా ఎండలేదు. పుస్తకం ఆఖరి పేజీ తీసింది. చావుకు వారం ముందటి మంగళవారం తేదీ. సగం ఏనుగు బొమ్మ పక్కన పెన్సిల్‌తో 'మూడు బండలు లేవు' అని రాసుంది.

"ఆ మంగళవారం మూడు లేవు. ఇవాళ నాలుగు లేవు. ఈ వారంలో ఎవరో వచ్చి నాలుగోది పెళ్లగించుకపోయిండ్లు. ఒక్కొక్కటి నలుగురు పట్టి లేపాలె. ఇది పంచనామాలో ఉందా?"

"అది పురావస్తు శాఖోళ్ల పని మేడం. మనది మర్డర్ కేసు."

"శవం దొరికిన చోటే దొంగతనం జరిగితే అది ఇంకోడి పనా? సిగ్గుండాలె రమాకాంత్! ఈ బండలు ఎన్ని, ఏ బండ మీద ఏముందో రాసిపెట్టుకున్న మనిషి లోకంలో ఒక్కడే. అతను దరఖాస్తు పెడతానన్న వారానికే శవమైండు. నీకేం అనిపిస్తలేదా?"

అతను బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆమె ముందు ఊపాడు. "ముందు ఇది చూడుండ్రి. శవం జేబుల దొరికింది. నాలుగు మడతలు పెట్టి ఉండె. ఆయన చేతివ్రాతనే, అంకెలు పోల్చుకున్నం."

గళ్ల కాగితం. అడుగున మంగళవారం తేదీ, దాని పక్కన 11.30. పైన రెండు హంసలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య తామరకాడ, నిండుగా, ఎడమ రేకులూ కుడి రేకులూ అన్నీ వేసి ఉన్నాయి.

అనసూయ కవరు మీదనే వేలు పెట్టి గీత గీతనూ చూసింది. ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే కోపమైపోయింది.

"ఇప్పుడు టైమెంత?"

"పదకొండున్నర కావస్తాంది."

"మంచిది. కూర్చో."

"ఏంది?"

"ఆ బండ మీద కూర్చో. వెంకటరాజం కూర్చుని గీసిండంటున్నవు గదా. నువ్వు కూడా కూర్చో. సాక్ష్యం పరీక్ష చేసుడు నీ డ్యూటీనే."

కానిస్టేబుళ్ల ముందు వెనక్కు తగ్గడం ఇష్టం లేక రమాకాంత్ బాసింపట్టు వేయబోయి, అరచెయ్యి బండ మీద ఆనించాడు. అబ్బా అని చెయ్యి విదిలించుకుంటూ ఎగిరి నిలబడ్డాడు.

"కాలిందా? యాభై ఎనిమిదేళ్ల మనిషి ఈ పెనం మీద కూర్చుని, వంగి, గళ్లు లెక్కపెట్టుకుంటూ రెండు హంసలు గీసిండని రాసుకున్నవు. సరే, కూర్చున్నడే అనుకుందాం. ఏం చూసి గీసిండు? చూపెట్టు నాకు. ఏది హంస?"

రమాకాంత్ వంగి చూశాడు. అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు. వందల ఏళ్లు జనం నడిచి నడిచి అరిగిన బండలు అవి. వాటి మీది గీతలు గోటి మందం లోతైనా లేవు. నిట్టనిలువు ఎండలో బండంతా ఒకే తెలుపు. ఐదు బండల్లో ఏ ఒక్కదాని మీదా అతనికి రెక్క కూడా దొరకలేదు.

"పొద్దున ఎనిమిదింటికి వస్తే ఇవే గీతలు నీడ పట్టి లేస్తయి. అందుకే అతను మొదటి బస్సుకొచ్చి పదింటికల్లా పోయేది. ఇరవై ఎనిమిదేళ్లల్ల ఒక్కనాడన్నా పది దాటిన టైము వేసిండేమో, ఆయన ఇంట్ల ఏడు పుస్తకాలున్నయి, ఓపికుంటే వెతుక్కో."

"సర్లే మేడం, ఆ ఒక్కరోజు ఆలస్యమైందేమో..."

"ఇది కూడా ఆలస్యమేనా?" అనసూయ తన దగ్గరున్న పుస్తకం తెరిచి అతని కళ్ల ముందు పెట్టింది. ఒక పేజీ, ఇంకో పేజీ, మరొకటి. "ఏం కనబడుతుంది?"

"సగం బొమ్మలు."

"అన్నీ సగమే. నేతపనివాళ్లు సగమే గీసుకుంటరు. రెండో సగం మగ్గం మీద వాళ్ల చెయ్యి తిప్పుకుంటది. నిండుబొమ్మ గీస్తే ఆ సగం పని దండగ. మరి నీ కాయితం మీద నిండుగా రెండు హంసలున్నయి. ఇది గీసినోడు మగ్గం ఎక్కినోడు కాదు. మగ్గం గదిలోకి తొంగి కూడా చూడనోడు. నేసిన సరుకును విప్పి చూసి, బొమ్మ ఎట్ల ఉంటే అట్ల దించిండు, అంకెలు కూడా ఆయన రాత చూసి దించినవే. నేతన్న కూడా అట్లనే గీస్తడనుకున్నడు. పదకొండున్నరకు తను ఎక్కడున్నడో చూపించుకోగలడు గనక ఆ టైము వేసిండు. అసలు చావు పొద్దున్నే ఎప్పుడో అయిపోయింది. దీని మీద వేలిముద్రలు తీయించినవా?"

రమాకాంత్ కవరును బ్యాగులో పెట్టబోయాడు.

"తీయించలే! నేర్పింది నేనే, నాకే సిగ్గుగ ఉంది. ఎవడో ఒక అబద్ధం గీసి జేబుల పెడితే, దాన్ని పట్టుకొని ఒక ముసలోన్ని రెండు రోజులు చిత్రహింస పెట్టినవు గదరా!"

'రా' అని ఆమె నోరు జారింది. అతను తప్పు పట్టలేదు. అరచెయ్యి రుద్దుకుంటూ కాగితాన్నీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అక్కా," అన్నాడు చివరకు, చాలా ఏళ్ల తర్వాత. "ఈ నిండుబొమ్మ ఎవరెవరు చూసి ఉంటరు?"

అనసూయ అప్పటికే సమ్మమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "అక్కా, రెండు హంసలు ఎదురెదురుగ, నడుమ తామరకాడ. ఆ జంపఖానా ఎప్పుడు నేసిండు మీ ఆయన?"

"గదా? గది కొత్తది చెల్లె. మొన్న సోమవారం పగటీలి మగ్గం దించినం. ఇంకా ఒక్కటే అయింది."

"అది ఎక్కడుంది ఇప్పుడు?"

"ఇంకెక్కడ, గోపాల్ సేటు దగ్గర. సోమవారం సాయంత్రం ఆయననే వచ్చి అరుగు మీద విప్పి చూసి, మంచిగున్నదని చంకల పెట్టుకపోయిండు. ఇంకెవలు చూడలే."

రమాకాంత్, అనసూయ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకొక్క మాట అక్కా. బండల సంగతి దరఖాస్తు పెడ్తనన్నడు గదా. రాసింది ఎవరు?"

"మాకేడ వస్తది చెల్లె దరఖాస్తు రాసుడు? సేటుకు ఇంగ్లీషు వస్తది గదాని ఆయననే రాయమన్నడు. ఏయే బండలు పోయినయో అన్ని చెప్పిండు. బుధవారం కలెక్టరాఫీసుల ఇచ్చొద్దాం, తొందర పడకుండ్రి అన్నడట సేటు. ఏం, ఏమైంది?"

"ఏం లేదు. తలుపు గడియ పెట్టుకో. ఆ పుస్తకాలు ఎవరికీ ఇయ్యకు. సేటు అడిగినా సరే, ఎవరికీ!"

ఆమె ఫోన్ పెట్టేసింది. బండలు మోయించుకుపోతున్న సేటుకే వెంకటరాజం ఆ బండల దరఖాస్తు రాయమని చెప్పుకున్నాడు. ఆ సేటే మనిషిని చంపి, సాయంత్రం అదే శవం పక్కన నిలబడి పంచనామా మీద సంతకం చేశాడు. పొద్దున్న కళ్లజోడు తుడుచుకుంటూ కట్టయ్య మీద జాలి పడ్డాడు. ఆ జాలి గుర్తొచ్చి అనసూయకు ఒళ్లంతా కంపరమెత్తింది. అదే క్షణంలో తను అతనితో అన్న మాట కూడా గుర్తొచ్చింది. మధ్యాహ్నంలోపు బయటికి తెస్త.

"రమాకాంత్! స్టేషన్‌కు ఫోన్ కొట్టు. కట్టయ్యను పంపొద్దను. నేను వచ్చేదాకా పంపొద్దను!"

అతను అప్పటికే నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. మూడుసార్లు మోగాక పోశయ్య ఎత్తాడు.

"పోశయ్యా, కట్టయ్య ఉన్నడా?"

"లేడు సార్. మీరు చెప్పినట్టే నోటీసు మీద వేలిముద్ర తీసుకొని పంపించిన."

"ఎవలతోటి?"

"గోపాల్ సేటుతోటి సార్. మీరు ఫోన్ జేసేటాలకే వచ్చి బయట బెంచి మీద కూసున్నడు. పంచనామ సాక్షేనాయె, తెలిసిన మనిషేనాయె అని సంతకం తీసుకొని అప్పజెప్పిన. కట్టయ్య సంబురపడుకుంట కారెక్కిండు సార్. మంగళవారం దవాఖానకు పో, పెద్ద డాక్టరు వస్తాండు అని ఫోన్ జేసి చెప్పింది గూడ సేటేనట. అన్నకన్న ఎక్కువ చూసుకుంటాండని నాతోటి చెప్పుకుంట ఏడ్చిండు."

రమాకాంత్ గడియారం చూసుకున్నాడు. "ఎంతసేపైంది?"

"ఇరవై ఐదు నిమిషాలైతది సార్. ఏమైంది సార్?"

కట్టయ్యను ఆ పొద్దున్న కోట నుంచి తప్పించింది ఎవరో కోర్టులో చెప్పగలిగిన మనిషి కట్టయ్య ఒక్కడే. ఆ మాట విలువేమిటో అతనికే తెలియదు. రేపు పొద్దున్న ఏ బావిలోనో, ఏ పట్టాల మీదో అతను కనపడితే, చేసిన తప్పుకు భయపడి చచ్చాడని ఫైలు మూసేస్తారు. ఇంత నోరుపెట్టుకుని, ఇంత అరిచి, ఆ ముసలివాణ్ని గట్టి గోడల మధ్య నుంచి తీసి వాడి చేతికిచ్చింది తనే. అనసూయ పుస్తకం సంచిలో కుక్కుకుని మెట్ల వైపు పరుగెత్తింది. వెనకాల రమాకాంత్ సేటు నంబరుకు కొడుతున్నాడు. స్విచాఫ్ అని వస్తోంది. కారు నంబరు చెప్పి అన్ని దార్లూ మూయమని కంట్రోల్ రూమ్‌కు అరుస్తూ అతనూ దిగుతున్నాడు.

రెండో దర్వాజా దగ్గర అనసూయ ఫోన్ మోగింది. రమ.

ఆమె ఆగకుండానే ఎత్తింది. అవతల రోడ్డు రొద, దాని మధ్య రెండు రోజుల తర్వాత ఇప్పుడే ఊపిరి పీల్చుకున్న గొంతు.

"అక్కా, స్టేషన్ కాడికొచ్చిన. బాపును నువ్వే కారు తోలిచ్చి పంపించినవట గద, సేటు చెప్పి తీసుకపోయిండట. నీ కాళ్లు మొక్కుత అక్కా. మా బాపు ఇంటికి ఎన్ని గంటలకు వస్తడు?"